కమాన్

సెల్లార్‌లో కిటికీ లేని గది.
తలుపు మీద చాక్‌పీసు రాత: చెప్పులు బయట, మాటలు మెల్లగా.
పైన హబ్సిగూడ రోడ్డు.
మెట్రో వెళ్ళినప్పుడల్లా
యాభై వేల రెట్లు పెరిగిన నా లోకం
ముగ్గు మీద గాలి వీచినట్టు చెదిరేది.
అందుకే రైళ్ళు పడుకున్నాకే మా పని.

ఫిలోమినా మేడం మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల మనిషి.
ఇరవై ఆరేళ్ళుగా ఈ మిషన్ పక్కనే.
మొదటి వారం నన్ను దాన్ని ముట్టనివ్వలేదు.
ఎమరీ కాగితం చేతికిచ్చింది.
"రుద్దు. ఒక్క దిక్కుకే.
కాగితం మారితే దిక్కు మార్చు.
పాత గీతలన్నీ పోయినంకనే ఇంకోటి తీసుకో."
మూడు రోజులు రుద్దాను.
వేలిముద్రలు అరిగి
రేషన్ షాపు మిషన్ నన్ను గుర్తుపట్టలేదు.

మెరిసే ఉక్కులో నా ముఖం చూసి మురిశాను.
"అద్దంల నువ్వే కనబడతవ్. ఉక్కు కనబడది."
ఆసిడ్‌లో ముంచింది. ఏడు దాకా లెక్కపెట్టి
ఎనిమిదిలో సగానికి తీసింది.
మెరుపు చచ్చి, మబ్బు పట్టి,
అప్పుడు బయటపడింది లోపలి బస్తీ:
హద్దుగోడలు, ఇరుకు సందులు,
ఒకదాన్నొకటి అడ్డగించే సూదుల గుంపులు.

ఇక్కడ చూడటమంటే వెలుగు కాదు.
గాలి తోడేసిన గొట్టంలో ఎలక్ట్రాన్ల జల్లు
నిలువునా దిగి తడుముతుంది,
మా నాయనమ్మ మాట్లాడుతూనే
బియ్యంలో రాయిని వేలితో పట్టినట్టు.
ఫోకస్ తిప్పితే గుండ్రటి రవ్వ
నిలువుగా సాగేది, అడ్డంగా సాగేది.
"గట్ల గుంజకు పిల్లా. ఉప్పు చూసినట్టు తిప్పు."

నేను మొట్టమొదట కనిపెట్టిన అద్భుతం
కొండ అంచున వేలాడే కలువరేకు.
తేదీ వేసి నోట్‌బుక్‌లో బొమ్మ గీశాను.
మేడం ఒక్క చూపు చూసి
"చుండ్రు" అంది.
ఆ రాత్రి నుంచి తలకు గుడ్డ.

జూలైలో డిపో నుంచి గోనెసంచిలో ఒక ముక్క.
సిటీ బస్సు కమాన్ పట్టా,
చార్‌కమాన్ దగ్గర నిండు జనంతో ఉండగా విరిగింది.
ఎవరికీ ఏమీ కాలేదు,
ఒక్క మెకానిక్ ఉద్యోగానికి తప్ప.
సంచికి కుట్టిన చీటీ మీద అతని పేరు కూడా ఉంది:
బండారి ఎల్లేష్, చివరిసారి బిగించినవాడు.

నేను అలవాటుగా ఎమరీ తీశాను.
మేడం నా మణికట్టు పట్టుకుంది.
"విరిగిన మొకం వాంగ్మూలం.
కడుగు. తోమకు."

గీతలు.
అన్నిచోట్లా కాదు, తుప్పు తినగా మిగిలిన ఒకటిరెండు గూళ్ళలో,
మైక్రాన్ కన్నా సన్నగా, బారులు తీరి.
ఒక్కొక్కటీ ఒక్కో కుదుపు.
ఇది అఫ్జల్‌గంజ్ గుంత కావచ్చు,
ఇది ఫుట్‌బోర్డు పిల్లలంతా ఒక్కసారే ఎగిరెక్కిన బరువు,
ఇది వాననీళ్ళ అడుగున దాక్కున్న మ్యాన్‌హోల్.
కావచ్చు అంటున్నాను. గీతకు పేరుండదు.
నాలుగు వందల దగ్గర లెక్క తప్పాను.

గీతల్ని పట్టుకుని వెనక్కి నడిస్తే
అన్నీ ఒక్కచోటి నుంచే పుట్టాయి:
పుప్పొడంత రవ్వ.
కిరణాన్ని దాని మీద నిలిపితే
అల్యూమినియం అంది, ఆక్సిజన్ అంది.
ఉక్కు ఇంకా నీళ్ళుగా ఉన్ననాడు
కొలిమిలో చిక్కుకున్న మురికి.
ఎల్లేష్ చేతికి స్పానర్ రాకముందు సంగతి.

రిపోర్టులో "మెకానిక్ తప్పు లేదు" అని రాశాను.
మేడం ఎర్ర పెన్నుతో కొట్టేసింది.
"మనిషి సంగతి మిషన్‌కు తెల్వది.
రవ్వ ఉన్నదని రాయి. ఎక్కడున్నదో రాయి. కొలత రాయి."
నాకు కోపమొచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.
కొలత రాశాను.
ఎవరూ వేలెత్తలేనట్టు
స్కేలు గీతను మూడుసార్లు సరిచూసుకుని రాశాను.

ఆరింటికి తొలి మెట్రో. తెర మీద రవ్వ వణికింది.
పైకొచ్చి బస్సెక్కాను,
వెనక చక్రం మీది సీటు.
తార్నాక దగ్గర ఒక్క కుదుపు.
ఒకటి, అనుకున్నాను.